బాకా విద్వాంసుడు వింటన్ మార్సాలిస్

పెండ్లి ఊరేగింపు వీధి మలుపు తిరుగుచుండగనే బ్యాండుమేళమునుండి ఒక ఇత్తడి వాద్యపు గొంతు అన్నిటికంటె ముందుగా మన చెవిని బడును. దానిని బాకా యందురు. ట్రంపెట్ అనియు వ్యవహరింతురు. మేళమువారు దాటిపోగానే మనము దానిని మరచిపోదుము. కాని ఈ వాద్యమునే చేతబట్టి, చిన్నచూపు చూడబడిన తన జాతి సంగీతమునకు మహాసభలలో పీఠము వేయించిన విద్వాంసుడొకడు కలడు. అతడే అమెరికా దేశస్థుడైన వింటన్ మార్సాలిస్.

బాకా చూచుటకు సులభముగా కనబడును గాని వాయించుటకు మిక్కిలి కఠినమైనది. చుట్టుకొనియున్న దాని గొట్టమును సాగదీసినచో దాదాపు అయిదడుగుల పొడవుండును. ఒక చివర చిన్న గిన్నె వంటి నోటిభాగమును, రెండవ చివర ఉమ్మెత్తపూవువలె విచ్చిన మొగమును, నడుమ మూడు మీటలును ఉండును. మీటను నొక్కగానే గాలి అదనపు గొట్టములోనికి తిరిగి పోవును. గాలి నడచు దారి పొడవైన కొలదియు స్వరస్థాయి తగ్గును. ఒకే మీటను నొక్కియుంచినను పెక్కు స్వరములు పలుకును. వానిలో దేనిని పలికింపవలయునో నిర్ణయించునవి వాయించువాని పెదవుల బిగువును, ఊపిరియు. నాదమును పుట్టించునది పెదవుల కంపనమే. కావున నిత్యసాధన లేనివానికి ఈ వాద్యము లొంగదు.

మార్సాలిస్ పుట్టిన ఊరు మిసిసిపీ నదీతీరమందలి న్యూ ఆర్లియన్స్. పూర్వము ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలు ఆదివారములందు అచ్చటి కాంగో స్క్వేర్ అను మైదానమున గుమిగూడి, డప్పులు వాయించి, ఆడిపాడుచుండిరి. 1865లో బానిసత్వము రద్దయ్యెను. తరువాతి తరములవారు తమ పూర్వుల లయలను, పొలములలో పాడుకొన్న పాటలను, క్రైస్తవ భజనలను, ఐరోపావారి బ్యాండు వాద్యములను మేళవించి ఇరువదవ శతాబ్దారంభమున ఒక క్రొత్త సంగీతమును రూపొందించిరి. అదియే జాజ్. అందు పాటయొక్క చట్రము ముందే నిర్ణయింపబడి యుండును. ఆ చట్రములోపల విద్వాంసుడు అప్పటికప్పుడు తన ఊహనుండి స్వరములను కల్పించును. మన కచేరీలలో కల్పనస్వరములను విన్నవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. ఇంతటి కళ యైనను, ఇది సారాయి దుకాణములకును, నాట్యశాలలకును తగినదే గాని పెద్ద సభలకు తగదని పలువురు పెద్దలు చాలకాలము తలచిరి.

వింటన్ 1961వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన జన్మించెను. తండ్రి ఎల్లిస్ మార్సాలిస్ పియానో విద్వాంసుడు, సంగీతోపాధ్యాయుడు. ఆయన కుమారులార్గురిలో వింటన్ రెండవవాడు. జాజ్ వాయించి సంసారము నడుపుట ఆ దినములలో సులభము కాదు. ఎల్లిస్ ఒక బృందములో పనిచేయుచుండగా, దాని నాయకుడైన ఆల్ హర్ట్ ఆరేండ్ల వింటన్‌కు ఒక బాకాను బహూకరించెను. ఎనిమిదవ యేట ఆ బాలుడు చర్చికి చెందిన బాలుర బ్యాండులో చేరెను. అయినను అతనికి సాధనపై శ్రద్ధ వెంటనే కుదరలేదు. వాద్యము ఇంటనున్నంత మాత్రమున విద్య రాదు గదా!

పండ్రెండవ యేట అతని మనస్సు మారెను. అప్పటినుండి దీక్షతో సాధన మొదలుపెట్టెను. ఒకవైపు జాజ్, మరియొకవైపు ఐరోపా శాస్త్రీయ సంగీతము. రెంటిని సమానశ్రద్ధతో అభ్యసించెను. 1796లో హైడన్ బాకా కొరకు రచించిన ప్రసిద్ధ కృతిని పదునాలుగేండ్లకే తన నగరపు వాద్యబృందముతో కలసి వాయించెను. పదునేడవ యేట టాంగిల్‌వుడ్‌లోని ప్రఖ్యాత సంగీతశిక్షణాలయమున ప్రవేశము సంపాదించెను. 1979లో న్యూయార్కులోని జూలియార్డ్ సంగీతవిద్యాలయమున చేరెను.

మరుసటి యేట డోలు విద్వాంసుడు ఆర్ట్ బ్లేకీ తన బృందములో అతనికి చోటిచ్చెను. బ్లేకీ బృందము ఒక గురుకులము వంటిది. యువకులను చేర్చుకొని, రాత్రిరాత్రికి శ్రోతల యెదుట నిలువబెట్టి, వారిని తీర్చిదిద్దుట ఆయన పద్ధతి. అచ్చట మెరుగులు దిద్దుకొన్న వింటన్ 1984లో జాజ్ విభాగమునందును, శాస్త్రీయ సంగీత విభాగమునందును గ్రామీ బహుమతులను ఒకేసారి గెలుచుకొనెను. అంతకుముందు ఎవ్వరును ఒకే యేట ఈ రెంటిని పొందియుండలేదు. అప్పటి కతని వయస్సు ఇరువదిరెండు. మరుసటి యేటను అదియే జరిగెను. ఈ రెండు విద్యలలో ఒకటి గొప్పది, మరియొకటి తక్కువది అనువారికి ఇది చాలినంత సమాధానము.

ఆ కీర్తితో అతడు తృప్తిపడలేదు. 1987లో న్యూయార్కులోని లింకన్ సెంటర్ అను కళాకేంద్రమున జాజ్ కచేరీల నేర్పాటు చేయుటకు పూనుకొనెను. 1996లో ఆ సంస్థ, సింఫనీ బృందముతోడను, నాటకగీతశాలతోడను సమానమైన అంగముగా అంగీకరింపబడెను. 2004లో జాజ్ కొరకే ప్రత్యేకముగా నిర్మించిన సభామందిరములు తెరువబడెను. అయితే అందరును అతనిని మెచ్చుకొనలేదు. బ్లూస్ అను విషాదగీతపు ఛాయయు, స్వింగ్ అను ఊగు లయయు లేనిది జాజ్ కాజాలదని అతడు వాదించెను. ఇతడు గతమునకే అంటిపెట్టుకొని క్రొత్తదనమునకు చోటీయకున్నాడని కొందరు విమర్శించిరి. పునాది తెలియనివానికి మేడ కట్టుట రాదని అతని నమ్మకము.

ఇచ్చట పూర్వగాథ నొకదానిని స్మరింపవలయును. అమెరికాలో పులిట్జర్ బహుమతి మిక్కిలి గౌరవప్రదమైనది. 1965లో జాజ్ రచయితలలో అగ్రగణ్యుడైన డ్యూక్ ఎల్లింగ్టన్‌ను, ఆయన జీవితకాలపు కృషికిగాను, ప్రత్యేకముగా సత్కరింపవలయునని సంగీతనిర్ణేతలు సూచించిరి. పాలకమండలి అందుల కంగీకరింపలేదు. నిర్ణేతలలో ఇరువురు రాజీనామా చేసిరి. ఎల్లింగ్టన్ 1974లో ఆ గౌరవమును పొందకయే మరణించెను.

ముప్పదిరెండేండ్లు గడచెను. 1997లో ఆ బహుమతి మొట్టమొదటిసారిగా ఒక జాజ్ రచనకు లభించెను. అది మార్సాలిస్ రచించిన 'బ్లడ్ ఆన్ ది ఫీల్డ్స్'. అనగా 'పొలములపై నెత్తురు' అని యర్థము. గాయకులకును, పెద్ద జాజ్ బృందమునకును రచింపబడి, రెండున్నర గంటలకు పైగా సాగు ఈ గేయగాథలో జెస్సీ, లియోనా అను ఇరువురు బానిసల కథ కలదు. జెస్సీ ఆఫ్రికాలో రాజకుమారుడు, లియోనా సామాన్యస్త్రీ. ఓడలో ఇరువురికిని సంకెళ్లొక్కటే. తానొక్కడు తప్పించుకొనిపోవుటయే స్వాతంత్ర్యము కాదని జెస్సీ కష్టముమీద తెలిసికొనును. తాతముత్తాతల కన్నీటిని మార్సాలిస్ ఆ పాతలయలలోనే పలికించెను. రెండేండ్లకు, 1999లో, ఎల్లింగ్టన్ శతజయంతి సందర్భమున ఆయనకును ప్రత్యేక సత్కారము ప్రకటింపబడెను. ఆలస్యమైనను లోటు కొంత తీరెను.

బాలబాలికలారా! మార్సాలిస్ తాను నేర్చినదానిని దాచుకొనలేదు. 1995లో పిల్లలకు సంగీతపు మెలకువలను వివరించుచు టెలివిజనులో పాఠములు చెప్పెను. అదే కాలమున, ఎల్లింగ్టన్ రచనల స్వరప్రతులను ఉన్నత పాఠశాలలకు ఉచితముగా పంపి, విద్యార్థి బృందములకు పోటీలు పెట్టు పథకమును అతని సంస్థ ఆరంభించెను. 2005 ఆగస్టులో కత్రీనా తుపానువలన న్యూ ఆర్లియన్స్ నగరములో అత్యధికభాగము నీట మునిగినప్పుడు, మూడు వారములైనను గడువకమునుపే న్యూయార్కులో కచేరీ నేర్పరచి, బాధితులకొరకు ధనము సమకూర్చెను.

2020 ఏప్రిలు 1వ తేదీన, కోవిడ్ వ్యాధి ప్రబలిన దినములలో, తండ్రి ఎల్లిస్ ఎనుబదియైదవ యేట కన్నుమూసెను. ఆయన తన కుమారులలో నలుగురిని విద్వాంసులను చేసెను. పరుల బిడ్డల నెందరినో అట్లే తీర్చిదిద్దెను. ఆరేండ్లపాటు శ్రద్ధకు నోచుకొనని బాకా ఒకటి ఆ ఉపాధ్యాయుని యింట నుండెను. దానిని మరల చేతికెత్తుకొన్న బాలుడు, తన పూర్వుల పాటకు తలుపులు తెరపించెను. మీ యింటనో, మీ యూరనో మూలబడియున్న విద్య యేదైన కలదేమో, ఒకమారు వెదకి చూడుడు.