ఇల్లు ఊడ్చే రోబో: మీ ఇంటి పటం ఎక్కడ ఉంటోంది?

గుండ్రని పళ్లెంలా ఉండి మంచాల కిందికి సైతం దూరి ఊడ్చే రోబో వాక్యూమ్ క్లీనర్లు మన నగరాల ఇళ్లకూ చేరుతున్నాయి. ఫోన్‌లోనో, గోడకు అమర్చిన ట్యాబ్‌లోనో కనిపించే ఇంటి పటం ద్వారా వీటిని నడిపించవచ్చు. పటంలో వంటగదిని తాకితే చాలు, యంత్రం నేరుగా అక్కడికే వెళ్లి ఊడ్చి వస్తుంది. ఈ సౌకర్యాన్ని కాదనలేం. అయితే ఆ పటం ఎలా తయారవుతోంది, ఎక్కడ నిల్వ ఉంటోంది అన్నది వినియోగదారులు తెలుసుకోవలసిన విషయం.

పటం తయారయ్యే తీరు

చాలా యంత్రాల పైభాగంలో లైడార్ అనే లేజర్ పరికరం తిరుగుతూ ఉంటుంది. అది పంపే కాంతి గోడలకు, సామానుకు తగిలి వెనక్కి వస్తుంది. దానినిబట్టి యంత్రం దూరాలను లెక్కగట్టి, తాను ఎక్కడ ఉన్నదీ గుర్తిస్తూనే పటం గీసుకుంటుంది. కొన్ని రకాలు లేజర్‌కు బదులు కెమెరాను వాడతాయి. మరికొన్నింటిలో రెండూ ఉంటాయి. పటం పూర్తయ్యాక దానిని గదులుగా విభజించి, ఒక్కో గదికి ఒక్కో సంఖ్య కేటాయిస్తుంది.

డ్యాష్‌బోర్డుతో అనుసంధానం

వేర్వేరు కంపెనీల దీపాలు, ఫ్యాన్లు, రోబోలను ఒకే తెరపైకి తెచ్చే సాఫ్ట్‌వేర్లలో హోమ్ అసిస్టెంట్ ఒకటి. 2013లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ వేదికను ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. తెరపై కనిపించే పటం ఒక చిత్రం మాత్రమే. యంత్రం లెక్కలు వేరు. కొన్ని రకాలు తమ స్థానాన్ని మిల్లీమీటర్లలో కొలుచుకుంటాయి. అందుకే చిత్రంలోని మూడు, నాలుగు బిందువులను యంత్రం కొలతలతో ముందుగా సరిపోల్చాలి. ఆ పొంతన తప్పితే హాలు చూపినా యంత్రం పడకగదివైపు సాగుతుంది.

ముగ్గు వేసిన పూజగదిని, వైర్లు చిక్కుపడే టీవీ బల్ల పరిసరాలను పటంలోనే నిషిద్ధ ప్రాంతాలుగా గుర్తించవచ్చు. గడపల విషయంలో మాత్రం పటం సాయపడదు. సుమారు 2 సెంటీమీటర్లకు మించిన ఎత్తును చాలా యంత్రాలు దాటలేవు.

గోప్యత మాటేమిటి?

ఎన్ని గదులున్నాయి, ఏ సామాను ఎక్కడుంది అన్నది పటం చెబుతుంది. ఊడ్చే వేళలను కలిపి చూస్తే ఇంట్లో ఎవరూ ఉండని సమయాన్నీ ఊహించవచ్చు. పరీక్షల కోసం కొన్ని ఇళ్లలో ఉంచిన రోబోలు 2020లో తీసిన ఆంతరంగిక చిత్రాలు సామాజిక మాధ్యమాలకు చేరినట్లు ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ 2022 డిసెంబరులో వెల్లడించింది. 2024 మే నెలలో అమెరికాలోని పలు నగరాల్లో ఆగంతకులు కొన్ని రోబోలను తమ అధీనంలోకి తెచ్చుకుని, వాటి స్పీకర్ల ద్వారా ఇంటివారిని దుర్భాషలాడారు.

పటం మన డ్యాష్‌బోర్డులో కనిపించినంత మాత్రాన అది ఇల్లు దాటడం లేదని భావించరాదు. కొన్ని యంత్రాల విషయంలో ఆ చిత్రం కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడినుంచే మన తెరపైకి వస్తుంది. దీనిని తేలిగ్గా పరీక్షించవచ్చు. వై-ఫై పనిచేస్తుండగానే రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌ను తీసివేసి చూడాలి. పటం కదలకుండా నిలిచిపోతే అది బయటి సర్వర్‌పై ఆధారపడుతున్నట్లే. కదులుతూనే ఉంటే ఇంట్లోనే నడుస్తున్నట్లు. అయినా ఇంటర్నెట్ తిరిగి కలిపాక సమాచారం బయటకు వెళ్లదని చెప్పలేం. కనుక రౌటర్ సెట్టింగుల్లో ఆ యంత్రానికి ఇంటర్నెట్ నిలిపివేయడం మేలు.

కొనే ముందే పటం ఎక్కడ నిల్వ ఉంటుందో, కెమెరా ఉందో లేదో విచారించాలి. ఖాతాకు బలమైన పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. యంత్రాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు పటాన్ని, ఖాతాను తొలగించడం మరువరాదు. వ్యక్తిగత సమాచారాన్ని ఏ ప్రయోజనానికి వాడతారో సంస్థలు తెలిపి సమ్మతి పొందాలని, ఆ సమాచారాన్ని తొలగించమని కోరే హక్కు పౌరులకు ఉండాలని డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 నిర్దేశిస్తోంది. ఇంటి తాళంచెవి ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకున్నట్లే, ఇంటి పటం విషయంలోనూ జాగ్రత్త వహించాలి.