చీకటి ఒకచోట, తప్పు ఒకచోట

పండక్కని వచ్చిన మా మనవడు పండగ సంగతే మరిచి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచీ రాబర్ట్‌సన్‌పేట ఇంటి పంచలో ఒకటే గొణుగుడు, "నాట్ రెడీ, నాట్ రెడీ" అని. ఎవర్రా రెడీగా లేనిది అంటే, "నోడ్ తాతా" అన్నాడు.

నేను 2001 ఫిబ్రవరి 28న కోలార్ బంగారు గనులు మూసేదాకా షాఫ్టుల్లో కరెంటు పని చేసినవాణ్ణి. వాడి చదువు నాకు తెలీదు. అయినా పాడైంది ఏదైనా కంటబడితే ఊరుకోలేను. మొదట్నుంచీ చెప్పమన్నాను.

వాడు పరిశోధన చేసేచోట సొంత క్లౌడ్ ఉంది. అడిగితే మూడు మిషన్లు ఇచ్చారు. ఇనుప పెట్టెలు కావు, పెద్ద కంప్యూటర్లలో గట్లు వేసి పంచిన వాటాలు. మూడింటినీ జట్టు కట్టి పని పంచే మేస్త్రీ పేరు కుబెర్నెటీస్. గ్రీకులో ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. గూగుల్ వాళ్ళు 2014లో దాన్ని ఊరందరికీ వదిలారు. ఒక మిషన్ మీద మేస్త్రీ కూర్చుంటే మిగతా రెండూ కూలి చేస్తాయి. ప్రతి మిషన్లోనూ క్యూబ్‌లెట్ అని ఒకడు ఉండి, పది సెకన్లకోసారి "నేనున్నా" అని మేస్త్రీకి కబురు పంపుతుంటాడు. కబురు ఆగినా, "నావల్ల కాదు" అని వచ్చినా, ఆ మిషన్, అదే వాడి నోడ్, నాట్ రెడీ. డబ్బు పోస్తే ఇదంతా కట్టి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. వీడిది ఉచితం కాబట్టి చేత్తో కట్టుకోవాలి.

"ఏం చేశావు ఇప్పటిదాకా?"

ఎవరో రాసిన ఆజ్ఞలు వరసగా అతికించాడట. అందులో ఏది ఎందుకో వాడికి తెలీదు. నాకు ఒళ్ళు మండింది గానీ పండగ పూట ఏమంటాం.

మాకు 1902లో కరెంటు వచ్చింది శివనసముద్రం నుంచి, దాదాపు 147 కిలోమీటర్ల తీగ మీద. దీపం ఆరేది గని అడుగున. తప్పు గనిలోనే ఉండాలని ఏముంది? దారిలో ఎక్కడైనా కావచ్చు. షాఫ్టులో గంట తీగ కూడా అంతే. కింద మనిషి తాడు లాగితే పైన గంట మోగాలి, దాన్నిబట్టే డ్రైవర్ కేజ్‌ని, అంటే మమ్మల్ని దించే లిఫ్టుని, నడిపేవాడు. మోగలేదంటే నేను అడుగుదాకా దిగేవాణ్ణి కాను. సగం లోతులో ఆగి పరీక్ష పెట్టేవాణ్ణి. అక్కడికి బాగుంటే తప్పు కింది సగంలో. మళ్ళీ అందులో సగం. మూడు నాలుగు ఆగుళ్ళలో దొరికిపోయేది.

"నీ దాంట్లో ఏ మిషన్ పడిపోయింది?" రెండోది. అందులో క్యూబ్‌లెట్ లేస్తున్నాడు, పడుతున్నాడు. లేచినప్పుడల్లా చిట్టా రాస్తున్నాడు. వేల వరసలు. వాడు చివరి వరసలు చదువుతూ తల పట్టుకున్నాడు.

1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, జపాన్ ఒసాకా, ఇంగ్లండ్ డర్హమ్ వాళ్ళతో కలిసి మా ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున న్యూట్రినోలనే కణాల జాడ పట్టారు. న్యూట్రినో రాయినీ భూమినీ దాటిపోతుంది, మరి దానికోసం అంత లోతు దిగడమెందుకు? నేల మీద ఆకాశం నుంచి రాలే మిగతా కణాల రొద ఎక్కువ, ఆ రొదలో దీని సద్దు వినబడదు. నెత్తిన రెండు కిలోమీటర్ల రాయి ఉంటే రొద చాలావరకు రాతిలోనే ఆగిపోతుంది.

"నీ చిట్టాలోనూ రొదే ఎక్కువ. ఒకసారి ఆపి, మళ్ళీ లేపి, ఆ లేచిన క్షణం నుంచి మొదటి తప్పు ఒక్కటే చదువు" అన్నాను. చదివాడు. స్వాప్ ఉందట. అంటే జ్ఞాపకం చాలనప్పుడు డిస్కు మీద అప్పు తెచ్చుకునే జాగా. ఎవరికి ఎంత జాగా పంచాలో లెక్క చూసే క్యూబ్‌లెట్, అప్పు జాగా కనబడితే మామూలుగా లేవనే లేవడు. లెక్క తప్పుతుందని వాడి భయం, న్యాయమే. మనవడు స్వాప్ ఆపాడు. క్యూబ్‌లెట్ లేచాడు.

మూడో మిషన్‌ని జట్టులో చేర్చబోతే నిన్నటి టోకెన్ చెల్లదంది. ఇరవైనాలుగు గంటలేనట గడువు. నాకు నవ్వొచ్చింది. ల్యాంప్ రూమ్‌లో మేమిచ్చే ఇత్తడి బిళ్ళ కూడా ఆ షిఫ్టుకే లెక్క. కొత్తది తీసుకున్నాడు.

అయినా మూడూ నాట్ రెడీయే. అది తప్పు కాదు, ఇంకా వాటి మధ్య దారే వేయలేదు. ఫ్లానెల్ అనే దారి వేశాక మూడూ రెడీ అన్నాయి. వాడు ఎగిరి గంతేశాడు. అసలు కథ అప్పుడు మొదలైంది.

మేస్త్రీ పంచే పని పొట్లాల్ని పాడ్లు అంటారట. ఒకే మిషన్లోని పాడ్లు మాట్లాడుకుంటున్నాయి. మిషన్ దాటితే మౌనం. సగం లోతు పరీక్ష అక్కడే తేలిపోయింది, తప్పు మిషన్ల మధ్య ఉంది. వీడు రెండు గంటలు మిషన్ల లోపలే తవ్వాడు. అక్కడ తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మూసిన తలుపు ఇంకో లెవెల్ కింద, క్లౌడ్ చేతిలో ఉంది. దాన్ని సెక్యూరిటీ గ్రూప్ అంటారట. వీడు మేస్త్రీ మాట్లాడే 6443 నంబరు తలుపు తెరిచాడు గానీ, ఫ్లానెల్ మూటలు వెళ్ళే యూడీపీ 8472 తెరవలేదు. మిషన్ లోపలి నుంచి చూస్తే ఆ తలుపు ఉన్నట్టే తెలీదు.

తెరిచాడు. పలకరింపులు వెళ్ళాయి, పేర్లు దొరికాయి. పెద్ద ఫైలు పంపితే మాత్రం సగంలో బిగుసుకుపోయింది.

చిన్నవి పోతున్నాయి, పెద్దవి పోవడం లేదు! ఇది నాకు తెలిసిన జబ్బే. పై కేజ్‌లో పట్టిన దుంగ లోపలి షాఫ్టు కేజ్‌లో పట్టదు. "నీ దారి వెడల్పెంత?" మిషన్ తలుపు మీద 1500 బైట్లని రాసుంది. కింద క్లౌడ్ తన సొంత మూట కట్టుకోవడానికి యాభై బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1450. ఫ్లానెల్ దానిమీద ఇంకో యాభై మూట కడుతుంది. అంటే పాడ్ కట్టాల్సిన మూట 1400 మించకూడదు. తలుపు మీది అంకె నమ్మి ఫ్లానెల్ 1450 కట్టింది, తన యాభై కలిపేసరికి 1500 అయింది. కింద పట్టలేదు. పట్టలేదని చెప్పే కబురూ దారిలో పోయింది. తలుపు మీద 1450 రాసి, పాడ్లను మళ్ళీ లేపాడు. ఫైలు జారిపోయింది.

"అయింది తాతా."

"ఒక మిషన్ ఆపి లేపు, చూద్దాం."

ఎందుకు తాతా అన్నాడు. ఊరికే అన్నాను. ఆపి లేపింది రెండోదాన్నే. నాట్ రెడీ. స్వాప్ మళ్ళీ వచ్చి కూర్చుంది. అప్పటికి ఆపాడు గానీ, లేచినప్పుడల్లా దాన్ని పిలవమని ఫైల్లో రాసున్న వరస అలాగే ఉంది. కొట్టేశాడు. మళ్ళీ ఆపి లేపాడు. ఇద్దరం తెర వైపే చూస్తున్నాం. వంటింట్లోంచి అవ్వ, ముద్ద చల్లారిపోతోందని మూడోసారి కేక వేసింది.

"రెడీ" అన్నాడు వాడు.