మెదడు గడియారానికి పొటాషియం గేట్లు

టమోటా సీజన్ వచ్చిందంటే మదనపల్లె మార్కెట్‌కు లోడు తెచ్చే డ్రైవర్లకు, బాక్సులు ఎత్తే హమాలీలకు రాత్రి నిద్ర కరవే. పుంగనూరు చుట్టుపక్కల పాడి రైతులు కోడి కూయకముందే లేవాలి. కుప్పం నుంచి బెంగళూరుకు పనికి వెళ్లేవారు తెల్లవారుజామునే రైలు అందుకోవాలి. ఇలాంటివారు ఆసుపత్రికి వచ్చి తరచూ చెప్పే మాట ఒకటుంది. ‘పడుకుంటే నిద్ర పట్టదు, పనిలో ఉంటే కునుకు ఆగదు’ అని. ‘పొటాషియం తగ్గితే నిద్ర రాదట కదా.. రోజూ అరటిపండ్లు, కొబ్బరినీళ్లు తీసుకుంటే సరిపోతుందా?’ అని అడిగేవారూ ఉన్నారు. నిద్రకూ పొటాషియానికీ సంబంధం ఉన్నమాట నిజమే. అయితే అది తిండితో సరిచేసుకునే సంబంధం కాదు.

గడియారం ఎక్కడుంది?

మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటుకు కాస్త పైన సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న భాగం ఉంటుంది. అందులో సుమారు 20 వేల నాడీకణాలుంటాయి. నిద్ర, మెలకువ, ఒంటి వేడి, హార్మోన్లు.. వీటన్నింటికీ వేళ చెప్పేది ఇదే. ఈ కణాల్లోని కొన్ని జన్యువులు దాదాపు 24 గంటలకోసారి చురుగ్గా మారుతూ, నెమ్మదిస్తూ ఉంటాయి. వీటి గుట్టు విప్పినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది.

సైకిల్ పెడల్స్‌లా..

కణం లోపల నడిచే ఈ గడియారం ఒళ్లంతటికీ వేళ ఎలా చెబుతుంది? విద్యుత్ సంకేతాలతో. ఈ కణాలు పగలు వేగంగా, రాత్రి నెమ్మదిగా సంకేతాలు పంపుతాయి. ఆ వేగాన్ని మార్చేవి కణం గోడలోని సన్నని గేట్లు. వీటినే అయాన్ ఛానెళ్లు అంటారు. కణం లోపల పొటాషియం బయటికంటే దాదాపు 30 రెట్లు ఎక్కువ. పొటాషియం గేట్లు తెరచుకుంటే అది బయటికి జారుతుంది, కణం సద్దుమణుగుతుంది. సోడియం లోపలికి వస్తే కణం ఉత్తేజితమవుతుంది.

అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన రవి అల్లాడ బృందం ఈగలు, ఎలుకల మీద పరిశోధించి, 2015లో దీన్ని సైకిల్ పెడల్స్‌తో పోల్చింది. పగలు సోడియం పెడల్ పైకి, పొటాషియం పెడల్ కిందికి. రాత్రి దీనికి తారుమారు. అంతకుముందు 2006లో వెలువడిన మరో పరిశోధనలో, బీకే అనే ఒక రకం పొటాషియం ఛానెల్ లేని ఎలుకల్లో రాత్రిపూట ఈ కణాల వేగం తగ్గాల్సినంత తగ్గలేదు. వాటి దినచర్య లయ కూడా బలహీనపడింది.

అరటిపండుతో మారదు

ఈ గేట్లను నడిపేది గడియార జన్యువులే. ఆ గడియారానికి రోజూ వేళ సరిచేసేది ప్రధానంగా కంటిలో పడే వెలుతురు. రక్తంలో పొటాషియాన్ని మూత్రపిండాలు లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య నిలుపుతాయి. ఆరోగ్యవంతులు అరటిపండు తింటే మంచిదే గానీ, దాంతో మెదడు గడియారం ముందుకో వెనక్కో జరగదు.

కిడ్నీ జబ్బున్నవారికి, రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికి మాత్రం ఇది జాగ్రత్త పడాల్సిన విషయం. వీరిలో పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. డాక్టరును అడగకుండా పొటాషియం సిరప్‌లు, ‘లో సోడియం’ ఉప్పు వాడొద్దు. కొబ్బరినీళ్లు ఎంత తాగొచ్చన్నదీ అడిగి తెలుసుకోండి.

ఏం చేయాలి?

* రాత్రి పనిచేసి పగలు పడుకునేవారు కిటికీలకు మందపాటి పరదాలు వేసి, గదిని చీకటిగా ఉంచుకోండి. వీలైనంతవరకు రోజూ ఒకే వేళకు పడుకోండి.

* తెల్లవారుజామున లేవాల్సినవారు రాత్రి తొందరగా భోంచేసి, ఫోన్ పక్కన పెట్టేయండి. లేచాక కాసేపు ఆరుబయట వెలుతురులో ఉండండి.

* నిద్రకు ఆరు గంటల ముందు నుంచే కాఫీ, టీ మానేయండి. నిద్ర కోసం మందు తాగడం, సొంతంగా మాత్రలు కొని వేసుకోవడం వద్దు.

* అర్ధరాత్రి కడుపునిండా తినొద్దు. ఏళ్ల తరబడి రాత్రి పనిచేసేవారిలో మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండండి.

* ఇన్సులిన్ తీసుకునేవారు డ్యూటీ వేళలు మారితే డోసు, సమయం గురించి డాక్టరుతో మాట్లాడండి. సొంతంగా మార్చొద్దు.

* స్టీరింగ్ పట్టుకున్నప్పుడు కళ్లు మూతలు పడుతుంటే టీ తాగి లాగించేద్దాం అనుకోవద్దు. బండి పక్కకు ఆపి 20 నిమిషాలు కునుకు తీయండి. గట్టిగా గురక పెడుతూ పగలంతా మగతగా ఉండేవారు, మూడు నెలలైనా నిద్ర సమస్య తగ్గనివారు తప్పకుండా డాక్టరును కలవాలి.