నవ్వాలన్నా భయమేనా?

మేనకోడలి పెళ్లి. విడిదింట్లో ఆడవాళ్లంతా చాపలేసుకుని కూర్చున్నారు. మరదలు చుట్టాలందరినీ వరసగా అనుకరిస్తూ మాట్లాడుతుంటే ఒకటే నవ్వులు. అంతలో ఆవిడ చటుక్కున లేచి నిలబడ్డారు.

"అదేంటొదినా, అప్పుడే లేచావేం?"

"పట్టుచీర ఉక్కగా ఉందే. మార్చుకొస్తా."

వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. తలనొప్పని చెప్పి గదిలో పడుకున్నారు. తలంబ్రాలు కూడా చూడలేదు. నిజానికి ఆవిడకు తలనొప్పి లేదు. నవ్వినప్పుడు మూత్రం జారి లంగా తడిసింది. చీరకు అంటిందేమో, ఎవరికైనా వాసన వస్తుందేమోనని భయం.

ఆవిడ ఓ చిన్న పట్టణంలో టీచరు. వయసు 46. ఇద్దరు పిల్లల తల్లి. "పేరు మాత్రం రాయకండి" అంటూనే మనసు విప్పారు.

"నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదండీ. మొదట్లో తుమ్మితే నాలుగు చుక్కలు పడేవి. తర్వాత బిందె ఎత్తినా, మెట్లు దిగినా అంతే. రోజూ బస్సులో వెళ్లాలి కదా, పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేశాను. లేత రంగు చీరలన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. అన్నిటికంటే బాధ ఏంటంటే, దేవుడి గదిలోకి వెళ్లాలన్నా మనసొప్పేది కాదు. ఒంటి మీద బట్ట శుభ్రంగా ఉందో లేదో తెలియకుండా దీపం ఎలా పెట్టను? మా ఆయనేమో నేను కోపంతో ఎడంగా ఉంటున్నాననుకున్నారు."

ఇది ఆవిడ ఒక్కరి కథే అనుకోకండి. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ పక్క వాటాలో కూడా ఎవరో ఒకరు ఈ బాధ దాచుకుని తిరుగుతూనే ఉంటారు. బీపీ గురించి, మోకాళ్ల నొప్పుల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే మనం, ఈ ఒక్క విషయం దగ్గరికొచ్చేసరికి నోరు కట్టేసుకుంటాం.

వయసంటూ సరిపెట్టుకోవద్దు

మూత్రాశయం సాగే సంచిలాంటిది. సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పట్టుకోగలదు. సగం నిండేసరికి 'వెళ్లాలి' అన్న కబురు మెదడుకు అందుతుంది. వీలు కుదిరేదాకా ఆపి ఉంచేది కింద ఉయ్యాలలా ఉండే కటి కండరాలు. కాన్పులు, విడవని దగ్గు, మలబద్ధకం, అధిక బరువు, నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పులు ఆ ఉయ్యాలను వదులు చేస్తాయి. వదులైన కండరాన్ని మళ్లీ బిగువెక్కించవచ్చు. వయసుతో ఈ సమస్య పెరిగే మాట నిజమే కానీ, వయసు వచ్చింది కాబట్టి భరించాల్సిందేనన్నది నిజం కాదు.

సమస్య అందరిలోనూ ఒకేలా ఉండదు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా జారడం ఒక రకం. వెళ్లాలనిపించిన మరుక్షణం ఆగలేక, బాత్రూం తలుపు దగ్గరికి చేరేలోపే అయిపోవడం రెండో రకం. ఇందులో మూత్రాశయం నిండకుండానే ముడుచుకుంటుంది. ఈ రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. కొందరికేమో సంచి పూర్తిగా ఖాళీ కాక, నిండిపోయి కారుతుంది. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో ఇలా జరగొచ్చు. ఒక్కో రకానికి ఒక్కో చికిత్స. అందుకే పక్కింటావిడ వాడిన మాత్ర మీకు పనిచేయకపోవచ్చు.

నీళ్లు మానేస్తే లాభమా?

మనలో చాలామంది చేసే మొదటి పని ఇదే. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి, సంచి లోపలి పొరను ఇంకా చికాకు పెడుతుంది. ఇన్ఫెక్షన్‌కూ అవకాశం పెరుగుతుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి సూక్ష్మజీవులు తేలిగ్గా లోపలికి చేరతాయి. తగ్గించాల్సింది నీళ్లు కాదు, కాఫీ టీలు. రాత్రి లేవాల్సి వస్తుంటే పడుకునే రెండు మూడు గంటల ముందు నుంచి తాగేది తగ్గిస్తే చాలు.

అయితే బాత్రూమే లేనిచోట నీళ్లు తాగమంటే ఎలా తాగుతారు? బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలను అడగండి, చెబుతారు. కేరళలోని కోళికోడ్‌లో అలాంటి ఉద్యోగినులే మరుగుదొడ్డి కావాలని, కాసేపు కూర్చోనివ్వాలని పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు కల్పించింది. వాళ్లు నోరు విప్పారు కాబట్టే అది జరిగింది.

గర్భసంచి తీసేస్తే పోతుందా?

టీచరు గారు చివరికి ధైర్యం చేసి ఊళ్లోని డాక్టరు దగ్గరికి వెళ్లారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. "కాన్పుల తర్వాత ఇవన్నీ మామూలేనమ్మా" అని ఏవో మాత్రలు రాశారట. తగ్గలేదు. మరోచోటికి వెళ్తే "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు? గర్భసంచి తీసేద్దాం" అన్నారు. తేదీ కూడా దాదాపు ఖాయమైంది. అప్పుడు అడ్డుపడింది వాళ్ల చిన్నత్తయ్య. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు.

"ఆగవే అమ్మాయ్. జారేది మూత్రం. తీసేది గర్భసంచి. ఆ రెంటికీ సంబంధమేంటో అడిగావా?"

అడగలేదు. మనం అడగం కదా!

గర్భసంచి తొలగించడం మూత్రం జారడానికి చికిత్స కాదు. గర్భసంచి కిందికి జారినప్పుడో, దానిలో వేరే జబ్బు ఉన్నప్పుడో ఆ ఆపరేషన్ అవసరం కావొచ్చు, అది వేరే సంగతి. పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్లకు తర్వాతి కాలంలో మూత్రం జారడానికి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చే అవకాశం ఎక్కువని 2007లో స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కాబట్టి ఎవరైనా ఆ మాట అంటే, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి. అడిగితే డాక్టరు గారికి కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి.

మూడు రోజుల చిట్టా

చిన్నత్తయ్య చేసిన రెండో మేలు, చేతికో నోటుబుక్కు ఇవ్వడం. "పాలవాడి లెక్క రాస్తావుగా, అలాగే ఇదీ రాయి" అన్నారట.

మీరూ రాయండి. మూడు రోజులు చాలు. ఎన్నింటికి, ఏం తాగారు, ఎంత తాగారు? ఎన్నింటికి మూత్రానికి వెళ్లారు? ఎంత వచ్చింది? (కొలతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి దీనికి విడిగా పెట్టుకోండి.) ఎప్పుడు జారింది? అప్పుడు ఏం చేస్తున్నారు? దగ్గారా, పరుగెత్తారా, తాళం తీస్తున్నారా? రాత్రి ఎన్నిసార్లు లేచారు?

చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది కానీ, డాక్టరుకు సగం సమాధానం ఇందులోనే దొరుకుతుంది. మాటిమాటికీ వెళ్తూ ప్రతిసారీ కొంచెమే వస్తుంటే ఒక దారి. ప్రతిసారీ ఎక్కువ వచ్చి, రోజు మొత్తం మీద మూడు లీటర్లు దాటుతుంటే మరో దారి. అలాంటప్పుడు షుగరు పరీక్ష తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, నోటితో చెప్పడానికి సిగ్గుపడే మాటలు కాగితం మీద ఉంటాయి. పుస్తకం డాక్టరు ముందు పెడితే చాలు.

ఎవరి దగ్గరికి? ఏమని అడగాలి?

యూరాలజిస్టు అంటే మగవాళ్ల డాక్టరనే అపోహ చాలామందిలో ఉంది. కాదు. మూత్ర సమస్య ఎవరికున్నా ఆయన చూస్తారు. స్త్రీల మూత్ర సమస్యల్లో ప్రత్యేకంగా శిక్షణ పొందిన యూరోగైనకాలజిస్టులూ పెద్ద నగరాల్లో ఉన్నారు. ప్రైవేటు ఖర్చు భరించలేమనుకుంటే హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా, విశాఖలోని కేజీహెచ్, తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి.

చిట్టాతోపాటు మీరు వాడే మందులన్నీ చూపించండి. బీపీకి వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి. మరికొన్ని పొడిదగ్గు తెప్పిస్తాయి. దగ్గినప్పుడల్లా జారుతుంటుంది. మాత్ర మారిస్తే సగం బాధ తీరేవాళ్లూ ఉంటారు. అయితే మీ అంతట మీరు ఆపేయకండి.

ఈ ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకెళ్లండి: నాది ఏ రకం? మూత్రపరీక్ష, కల్చర్ చేయించాలా? మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూస్తారా? ఆపరేషన్ కాకుండా ముందు ఏం ప్రయత్నించవచ్చు?

మరో మాట. మంట పుట్టిన ప్రతిసారీ మందుల షాపుకెళ్లి పాత చీటీ చూపించి యాంటీబయాటిక్ కొనుక్కోకండి. కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు పట్టినా, ఏ మందు పనిచేస్తుందో తెలిసేది దానితోనే. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ అంటున్నా కల్చర్‌లో ఏమీ కనపడక, సంచి నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి పెరిగి, పోశాక తగ్గుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. ఆ సంగతి గట్టిగా చెప్పి, యూరాలజిస్టు దగ్గరికి పంపమని అడగండి.

వ్యాయామమే మొదటి మందు

నగరంలో డాక్టరు చిట్టా చూసి, పరీక్షలు చేయించి, టీచరు గారిని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. నేర్పింది కెగెల్ వ్యాయామం. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ దీని గురించి రాశారు. రూపాయి ఖర్చు లేదు.

గ్యాసు బయటికి పోకుండా బిగబట్టినట్టు కింది కండరాలను లోపలికి, పైకి బిగించాలి. కొద్ది సెకన్లు ఉంచి, అంతసేపూ వదులు చేయాలి. మెల్లగా పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. ఇలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ సాధన చేయడం మంచిది కాదు. తుమ్ము వస్తోందనగానే ముందే కండరం బిగించడం అలవాటు చేసుకుంటే ఎంతో మేలు. వారంలో తేడా రాలేదని వదిలేయొద్దు. కనీసం మూడు నెలలు చేయాలి.

ఆగలేని రకానికి మూత్రాశయానికే శిక్షణ ఇస్తారు. గంటకోసారి వెళ్లేవాళ్లు గంటా పది నిమిషాలు, తర్వాత గంటంపావు... అలా ఆరు వారాలు పెంచుకుంటూ పోవాలి. దీనితో చాలకపోతే మాత్రలున్నాయి. కొన్నింటితో నోరెండిపోవడం, మలబద్ధకం ఉంటాయి. పెద్ద వయసువారిలో తికమకకూ, మతిమరుపుకూ దారితీయవచ్చు. కాబట్టి అమ్మకో, అత్తకో రాస్తుంటే ఈ సంగతి అడగండి. నెలసరి ఆగినవారికి లోపల రాసే ఈస్ట్రోజన్ క్రీము, గర్భసంచి జారినవారికి లోపల అమర్చే రింగు కొంతమందికి సరిపోతాయి. ఆపరేషన్ ఆ తర్వాతి మాట. వల లాంటి మెష్ అమరుస్తామంటే దాని మంచిచెడులు విడిగా అడిగి తెలుసుకోండి. గర్భసంచి, మూత్రాశయం జారడానికి లోపలి నుంచి అమర్చే మెష్ అమ్మకాలను 2019లో అమెరికా ఆపేయించింది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

మూత్రంలో రక్తం పడితే, నొప్పి లేకపోయినా సరే, వెంటనే చూపించుకోవాలి. చలిజ్వరంతో నడుం పక్కన నొప్పి, మూత్రం అసలు రాకపోవడం, కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడటం, కింద తిమ్మిరెక్కడం... ఇవన్నీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి. కష్టమైన కాన్పు తర్వాతో, గర్భసంచి ఆపరేషన్ తర్వాతో రేయింబవళ్లు ఆగకుండా కారుతుంటే లోపల రంధ్రం పడి ఉండొచ్చు. దాన్ని ఆపరేషన్‌తో సరిచేస్తారు. ఆమెను గదిలో విడిగా కూర్చోబెట్టడం పరిష్కారం కాదు.

ఇంతకీ మన టీచరు గారు ఎలా ఉన్నారు?

"పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. జలుబు చేస్తే ఇప్పటికీ ఒక్కోసారి ఇబ్బందే. కానీ బస్సెక్కే ముందు నీళ్లు తాగుతున్నాను. దీపం పెడుతున్నాను. మా ఆయనకూ చెప్పేశాను. 'ఇన్నాళ్లూ నాతో అనలేదేం?' అని ఆయనే బాధపడ్డారు."

మొన్న చుట్టాలింట్లో గృహప్రవేశం. మరదలు మళ్లీ అదే వేషం, అవే నవ్వులు. ఈసారి ఆవిడ లేవలేదు. ఆ రాత్రి డాబా మీద పక్కలేసుకున్నాక, ఆ రోజు పెళ్లిలో ఎందుకు లేచి వెళ్లారో మరదలికి చెప్పారు. మరదలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది:

"వదినా... నాకూ రెండేళ్ల నుంచి అంతే. ఆ పుస్తకంలో ఏమేం రాయాలో నాకూ చెప్పవా?"