దస్తర్‌ఖాన్‌పై రోగికీ ఒక చోటు

రమజాన్ పండుగ గానీ, బక్రీద్ గానీ సమీపించే కొద్దీ మన ఇళ్ళలో సందడి పెరుగుతుంది. కొత్త బట్టలు, అత్తరు, షీర్ ఖుర్మాకు కావలసిన సేమియా, ఖర్జూరాలు, బంధుమిత్రుల రాకపోకలు. అయితే ప్రతి మొహల్లాలోనూ ఏదో ఒక ఇంట ఈ సందడి ఒక గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆ గదిలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకుని ఇల్లు చేరిన తండ్రి ఉంటాడు. లేదా కీమోథెరపీ పొందుతున్న తల్లి ఉంటుంది. పక్షవాతం నుండి మెల్లగా తేరుకుంటున్న నాన్నమ్మ, క్రమం తప్పక డయాలసిస్‌కు వెళ్ళివచ్చే అన్నయ్య ఉంటారు. అల్లాహ్ దయవల్ల ప్రాణగండం గడిచింది. కాని పూర్వపు ఆరోగ్యం ఇంకా తిరిగి రాలేదు.

ఈ నడిమి కాలంలో వచ్చే పండుగ కుటుంబానికి ఒక పరీక్షే. ప్రేమతోనే కొందరు రోగిని పూర్తి ఆరోగ్యవంతునిగా భావించి, “పండుగ పూట ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది?” అని బలవంతపెడతారు. అదే ప్రేమతో మరికొందరు అతణ్ణి విశ్రాంతి పేరిట ఒక గదికి పరిమితం చేసి, తలుపు దగ్గరగా వేస్తారు. మొదటి పద్ధతి దేహానికి హాని చేస్తుంది. రెండవది మనసును గాయపరుస్తుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న మార్గాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ఇంట భోజన సమయంలో స్వయంగా చూపించారు.

ఉమ్మె ముంజిర్ (రజి) ఇంట

అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్న ఒక ఉల్లేఖనాన్ని పరిశీలించండి. అన్సారీ మహిళ హజ్రత్ ఉమ్మె ముంజిర్ (రజి) ఇంటికి దైవప్రవక్త (స) విచ్చేశారు. వెంట హజ్రత్ అలీ (రజి) ఉన్నారు. ఆయన అప్పుడే జబ్బు నుండి లేచి, ఇంకా నీరసంగా ఉన్నారు. ఇంట్లో ఖర్జూరపు గెలలు వ్రేలాడుతున్నాయి. ప్రవక్త (స) వాటిని తినసాగారు. అలీ (రజి) కూడా లేచి తినబోగా ప్రవక్త (స) ఆయనను వారించారు. మీరింకా కోలుకుంటున్నారని గుర్తు చేశారు. ఇది గమనించిన ఉమ్మె ముంజిర్ (రజి) బార్లీ, ఒక కూర కలిపి వండి తెచ్చారు. అప్పుడు ప్రవక్త (స), ఇది మీకు ఎక్కువ అనుకూలం, దీన్ని తీసుకోండని అలీ (రజి)ని ప్రోత్సహించారు.

ఈ చిన్న సంఘటనలో ఒక కుటుంబానికి కావలసిన పాఠమంతా ఉంది. ప్రవక్త (స) తమ ప్రియమైన అల్లుని ముఖం చూసి మొగమాటపడలేదు. “బిస్మిల్లాహ్ అని తింటే ఏమీ కాదు” అని వదిలివేయలేదు. అలాగని ఆయనను పంక్తి నుండి లేపి పంపివేయనూ లేదు. ఆ ఇంటి ఇల్లాలు ఆయనకు తగిన మరో వంటకం సిద్ధం చేసింది. పథ్యం చెప్పడంతో బాధ్యత తీరదు, పథ్యపు వంటకాన్ని అదే పంక్తిలో ప్రేమతో వడ్డించడం కూడా ఆ బాధ్యతలో భాగమే. కోలుకుంటున్న మనిషికి వంటకం మారాలి, చోటు మారకూడదు.

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 61వ ఆయత్ ఈ భావాన్నే బలపరుస్తున్నది. తల్లిదండ్రుల, సోదరసోదరీల, పినతండ్రుల, మేనమామల, మిత్రుల ఇళ్ళలో భోజనం చేయడం గురించి చెబుతూ ఆ ఆయత్ అంధులను, కుంటివారిని, వ్యాధిగ్రస్తులను ముందుగా ప్రస్తావించింది. వారిపై ఎట్టి దోషం లేదని స్పష్టం చేసింది. రోగులతో కలిసి తినడానికి ఆరోగ్యవంతులు, ఆరోగ్యవంతులతో కలిసి తినడానికి రోగులు సంకోచించిన నేపథ్యాన్ని వ్యాఖ్యాతలు ఇక్కడ పేర్కొన్నారు. ఆ సంకోచం నేటికీ మన ఇళ్ళలో పూర్తిగా తొలగిపోలేదు.

సడలింపు, తక్బీరు ఒకే ఆయత్‌లో

రమజాన్ నెలలో ఉపవాసం పాటించలేకపోయిన రోగికి పండుగ నాడు ఒక చెప్పుకోలేని వేదన ఉంటుంది. “రోజాలు లేని నాకు ఈద్ ఎక్కడిది?” అని లోలోపల కుమిలిపోతాడు. కొందరు ఈ సిగ్గుతోనే వైద్యుని మాట కాదని, మందులు మానివేసి, రహస్యంగా ఉపవాసం ఉంటారు.

ఇటువంటివారు బఖరా సూరా 185వ ఆయత్‌ను శ్రద్ధగా చదవాలి. వ్యాధిగ్రస్తులు ఆ ఉపవాసాల సంఖ్యను ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చని, అల్లాహ్ మన కోసం సౌలభ్యాన్ని కోరుతున్నాడే గాని కాఠిన్యాన్ని కోరడం లేదని అందులో ఉంది. ఆ వెంటనే, అదే ఆయత్‌లో, అల్లాహ్ గొప్పతనాన్ని కీర్తించమని, కృతజ్ఞులై ఉండమని ఆదేశం ఉంది. ఈద్ తక్బీర్‌కు ధర్మవేత్తలు చూపే ఆధారాలలో ఇది ముఖ్యమైనది. అంటే రోగికి ఇచ్చిన సడలింపు, పండుగ తక్బీరు ఒకే ఆయత్‌లో పక్కపక్కనే ఉన్నాయి. సడలింపును స్వీకరించినవాడు పండుగకు పరాయివాడు కాడనడానికి ఇంతకు మించిన నిదర్శనం ఏముంటుంది?

పైగా వ్యాధి వల్లనో, ప్రయాణం వల్లనో ఆగిపోయిన ఆచరణకు, ఆరోగ్యంగా, ఇంటిపట్టున ఉన్నప్పుడు చేసినంత పుణ్యమే లిఖించబడుతుందని హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఏళ్ళ తరబడి రోజాలు పాటించిన మనిషి ఈ ఒక్క ఏడాది మంచంపై ఉంటే ఆ లెక్క ఆగిపోదు.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. కోలుకునే ఆశ ఉన్నవారు తప్పిన ఉపవాసాలను ఆరోగ్యం చేకూరాక ‘ఖజా’గా పూర్తి చేయాలి. తిరిగి ఉపవాసం పాటించగలమన్న ఆశ లేని దీర్ఘరోగులు ఒక్కో ఉపవాసానికి ఒక నిరుపేదకు భోజనం పెట్టి ‘ఫిద్యా’ చెల్లించాలి. తమది ఏ స్థితి అన్నది వైద్యుని, ధర్మపండితుని ఇరువురినీ అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

ఈద్‌గాహ్‌కు వెళ్ళలేనివారు

హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జుమా నమాజు ఎవరిపై విధియో వారిపైనే ఈద్ నమాజు వాజిబ్. రోగికి ఆ బాధ్యత లేదు. వేలాది మంది నడుమ, ఎండలో గంటల తరబడి నిరీక్షించడం కొత్తగా కోలుకుంటున్న దేహానికి మోయలేని భారం. వైద్యుడు అనుమతిస్తే మొహల్లా మస్జిదులో చివరి వరుసన కుర్చీపై కూర్చుని నమాజు చేయవచ్చు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చునని ప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు.

నమాజు చేయలేని స్థితిలో ఉన్నవారిని కూడా పండుగ శుభం నుండి వేరు చేయలేదు ఇస్లాం. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖనం ప్రకారం ఋతుస్రావంలో ఉన్న మహిళలను కూడా ఈద్‌గాహ్‌కు రమ్మని, నమాజు స్థలానికి కొంత ఎడంగా ఉండి ముస్లింల దుఆలో పాలుపంచుకొమ్మని ప్రవక్త (స) ఆదేశించారు. సందర్భం వేరైనా అందులోని కారుణ్యం మనకు దారి చూపుతుంది. మంచం దిగలేని అబ్బాకు ఉదయాన్నే శుభ్రమైన బట్టలు తొడిగి, అత్తరు పూసి, ఇంటిల్లిపాదీ ఆయన గదిలోనే తక్బీర్ చదివి ఈద్‌గాహ్‌కు బయలుదేరితే ఆయన పండుగ అక్కడే మొదలవుతుంది. శ్వాసకోశ వ్యాధి ఉన్నవారి గదిలో మాత్రం ఊదు, సాంబ్రాణి పొగలు, ఘాటైన అత్తర్లు వద్దు.

పండుగ స్నానం విషయంలోనూ పట్టుదల కూడదు. గాయం ఆరని దేహానికి తడి బట్టతో తుడవడం చాలు. తలకు గాయమైన ఒక వ్యక్తికి స్నానం తప్పనిసరి అని సహచరులు చెప్పగా, అతను స్నానం చేసి మరణించిన ఉదంతం అబూదావూద్‌లో ఉంది. ఆ వార్త విని ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు, తెలియనప్పుడు అడిగి తెలుసుకోవడమే అజ్ఞానానికి మందు అని హెచ్చరించారు. రోగికి మతపరమైన సలహా ఇచ్చే ప్రతి ఒక్కరూ ఈ ఉదంతాన్ని మరువరాదు.

కుటుంబం తెలుసుకోవలసిన జాగ్రత్తలు

రోగాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. ఛాతీ ఎముకను కోసి గుండె శస్త్రచికిత్స చేసిన తరువాత ఆ ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుండి 12 వారాలు పడుతుంది. ఈద్ ముబారక్ చెబుతూ గట్టిగా చేసే ఆలింగనం వారికి ఆనందం కాదు, నొప్పి. సలాం చెప్పి చేయి కలిపితే చాలు. బరువులు ఎత్తనివ్వకూడదు. పరుగున వచ్చే మనవలను ఒడిలోకి ఎత్తుకోనీయకుండా పక్కన కూర్చోబెట్టాలి. సజ్దాకు వంగడంపై వైద్యుని సలహా తీసుకోవాలి.

మూత్రపిండాల వ్యాధితో డయాలసిస్‌పై ఉన్నవారికి ఖర్జూరాలు, ఎండుద్రాక్ష, బాదం, పిస్తాలలో ఉండే పొటాషియం ప్రమాదకరం. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పవచ్చు. అందుకే పాలు, ఎండు ఫలాలు నిండిన ఒక గిన్నెడు షీర్ ఖుర్మా వారికి తీపి పదార్థం మాత్రమే కాదు. షర్బత్తులు, పాయసాలు కూడా వారు తాగదగిన ద్రవం లెక్కలోకే వస్తాయి. పండుగ పేరు చెప్పి డయాలసిస్‌ను వాయిదా వేయడం ఎంతమాత్రం తగదు.

కీమోథెరపీ ఇచ్చిన తరువాత సుమారు 7 నుండి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో పండుగ వస్తే జలుబు, దగ్గు ఉన్న అతిథులను గదిలోకి రానివ్వకండి. మాంసం బాగా ఉడకాలి, వంటకం అప్పటికప్పుడు వేడిగా వడ్డించాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, అది ఈద్ రాత్రి అయినా సరే, తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పక్షవాతం వచ్చినవారిలో కొందరికి మింగడం కష్టమవుతుంది. వారిని నిటారుగా కూర్చోబెట్టి, వైద్యులు సూచించిన మెత్తదనంలో, చిన్న చిన్న ముద్దలుగా తినిపించాలి. మాటల సందడిలో తొందరపెడితే ఆహారం శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఉంది.

అమ్మీ మంచంపై ఉన్నప్పుడు

తండ్రి జబ్బుపడితే పండుగ నెమ్మదిస్తుంది. తల్లి జబ్బుపడితే పండుగ ఆగిపోతుంది. ఎందుకంటే మన ఇళ్ళలో పండుగ ఆమె చేతులపైనే నిలబడి ఉంది. శస్త్రచికిత్స జరిగి నెల తిరగకముందే “పిల్లల ముఖం చూడలేక” పొయ్యి దగ్గర నిలబడే తల్లులు ఎందరో. ఆమె ఓర్పును పొగడడం కన్నా ఆమె చేతిలోని గరిటెను అందుకోవడం మేలు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈ సున్నత్‌ను భర్తలు, కుమారులు ఆచరించడానికి పండుగకు మించిన సమయం లేదు. ఆమె కుర్చీలో కూర్చుని ఉప్పు ఎంతో, చక్కెర ఎంతో చెబుతుంటే కొడుకు వండిన సేమియా కాస్త ముద్దయినా ఆ ఇంటి పండుగకు లోటుండదు.

పరామర్శకు వచ్చే బంధువులకు

రోగిని పరామర్శించడం ముస్లింపై ముస్లింకు ఉన్న హక్కు. ప్రవక్త (స) రోగి వద్దకు వెళ్ళినప్పుడు, చింతించవద్దని, ఇన్షా అల్లాహ్ ఇది పాపాల నుండి పరిశుద్ధం చేస్తుందని ధైర్యం చెప్పేవారు. మనం వెళ్ళి ఆసుపత్రి బిల్లు ఎంతయిందని ఆరా తీస్తాం, ఇదే జబ్బుతో పోయినవారి కథలు వినిపిస్తాం, తలా ఒక నాటు వైద్యం సూచిస్తాం. ముందుగా ఫోన్ చేసి, ఒక్కొక్కరుగా వెళ్ళి, పది నిమిషాలు కూర్చుని, దుఆ చేసి లేవడం ఉత్తమం.

చికిత్స ఖర్చులతో ఆ ఇల్లు అప్పుల్లో కూరుకుపోయి ఉండవచ్చునన్న సంగతి కూడా గమనించాలి. తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులను చేర్చింది. వైద్యం కోసం అప్పుచేసి తీర్చలేని కుటుంబం మన బంధువర్గంలోనే ఉంటే, పండుగకు ముందే, గుట్టుగా, వారి ఆత్మగౌరవం దెబ్బతినకుండా సహాయం అందించాలి. ఆ ఇంటి పిల్లలకు ఒక జత బట్టలు అందితే మంచంపై ఉన్న తండ్రికి సగం జబ్బు తగ్గినట్లే.

ఇంటివారే రోగికి ఓదార్పు

దీర్ఘకాలం వ్యాధిని సహించిన ప్రవక్త అయ్యూబ్ (అలై) మొరను అల్లాహ్ ఆలకించినప్పుడు ఆయన బాధను తొలగించాడు. అంతటితో ఆగక ఆయన కుటుంబాన్ని ఆయనకు తిరిగి ప్రసాదించాడు, వారితోపాటు మరి అంతమందిని అనుగ్రహించాడు. అంబియా సూరాలోనూ, సాద్ సూరాలోనూ ఈ విషయం వస్తుంది. రెండు చోట్లా స్వస్థత తరువాత కుటుంబం ప్రస్తావన ఉండటం గమనార్హం. ఔషధం దేహాన్ని నిలబెడుతుంది. ఇంటివారి సాన్నిధ్యం మనిషిని నిలబెడుతుంది.

కనుక ఈసారి పండుగ నాడు దస్తర్‌ఖాన్ పరిచే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. మంచం దిగలేనివారుంటే దస్తర్‌ఖాన్‌నే వారి గదిలో పరవండి. వారికి తగిన వంటకాన్ని అందరి వంటకాలతో పాటు, అందరి గిన్నెల వంటి గిన్నెలోనే వడ్డించండి. వారు అలసిపోతే నొచ్చుకోకుండా విశ్రాంతి తీసుకోనివ్వండి.

స్వస్థత ప్రసాదించే అల్లాహ్ మన రోగులందరికీ సంపూర్ణ ఆరోగ్యాన్ని, వారికి సేవచేసే చేతులకు ఓర్పును, మన ఇళ్ళకు శుభాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.