చీటీ పడాలేగానీ... ఎవరైనా హీరోయే!

మన సినిమాల్లో గోల్ఫ్ అనగానే గుర్తొచ్చేది ఎవరు? తెల్లటోపీ పెట్టుకుని, బంతి కొడుతూనే హీరోగారి పేదరికాన్ని వెక్కిరించే హీరోయిన్ తండ్రి! కానీ ఆ ఆటకి పుట్టిల్లని పేరుపడ్డ ఊళ్ళో కథ వేరు. అక్కడి మైదానం ఏ కోటీశ్వరుడి సొత్తూ కాదు, ఊరందరిదీ!

ఆ ఊరు స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్. మీరు చూడలేదనుకోకండి. 1981లో వచ్చిన ‘ఛారియట్స్ ఆఫ్ ఫైర్’ చూసినవాళ్ళంతా ఆ ఊరిని చూసినట్టే! తెల్లబట్టల కుర్రాళ్ళు సముద్రపుటొడ్డున పరుగెడుతుంటే వెనక వాంగెలిస్ సంగీతం... గుర్తొచ్చిందా? కథలో అది ఇంగ్లండ్‌లోని కెంట్ తీరం. షూటింగ్ జరిగింది మాత్రం సెంట్ ఆండ్రూస్ ఇసుకలో. ఆ ఇసుకకి కూతవేటు దూరంలోనే ఉంది ‘ఓల్డ్ కోర్స్’.

సముద్రానికీ సేద్యపు భూములకీ మధ్య ఉండే ఇసుకనేలని అక్కడివాళ్ళు ‘లింక్స్’ అంటారు. ఈ ఆట పిచ్చిలో పడి కుర్రాళ్ళు విలువిద్య మానేస్తున్నారని 1457లో స్కాట్లండ్ పార్లమెంటు గోల్ఫ్‌ని నిషేధించింది. అయినా ఆట ఆగిందా? 1764లో ఇక్కడే 22 హోల్స్‌ని 18కి తగ్గించారు. నేడు ప్రపంచమంతా నడుస్తున్నది ఆ లెక్కే.

మరి అక్కడ ఆడాలంటే? హాండికాప్ సర్టిఫికెట్ చూపాలి. మంచి సీజన్లో రుసుము మూడువందల పౌండ్లు దాటుతుంది. ఊరివాళ్ళకైతే ఏడాది టికెట్ చౌక. ముందే కొనుక్కునే వీలూ కొంత ఉంది గానీ, అక్కడి అసలు ఆనవాయితీ చీటీలు తీయడం. రెండు రోజులు నా పేరు రాలేదు. తిరుగు ప్రయాణానికి ఒక్కరోజు మిగిలి ఉండగా, ముగ్గురున్న జట్టులో నాలుగో వాడిగా నా చీటీ పడింది!

విశాఖ సముద్రపు గాలిలో ఆట నేర్చుకున్నవాణ్ణి నేను. అయినా ఆ గాలి తీరే వేరు. చెవుల్లో ఈలలు వేస్తూ బంతిని తన ఇష్టం వచ్చిన వైపు తోస్తుంది. “బాబూ, పైకి కొట్టకండి. నేలమీద పరిగెత్తించండి, నేలే తీసుకెళుతుంది,” అన్నాడు మా కెడ్డీ పెద్దాయన. ఆ మాట మీదే ఆడాను. దారిపొడవునా 112 ఇసుక గుంటలు! గ్రీన్లలో ఏడు జంట గ్రీన్లు. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే పచ్చికమీద ఎదురుపడతారు. తమాషా ఏమిటంటే, ఏ జంట అంకెలు కూడినా 18 వస్తుంది!

పదకొండో హోల్ దగ్గర పెద్దాయన ఒక గుంట చూపించాడు. 1921లో బాబీ జోన్స్ అంతటివాడు అందులో పడి, ఆ హోల్ ముగించకుండానే బంతి తీసేసి పోటీ వదిలేశాడు. కథ అక్కడితో అయిపోలేదు. 1927లో అదే మైదానంలో ఓపెన్ గెలిచాడు. 1931లో వార్నర్ బ్రదర్స్ వారు అతనితో గోల్ఫ్ పాఠాల చిత్రాలే తీశారు. 1958లో ఆ ఊరు అతన్ని తన పౌరుడిగా గౌరవించింది. ఇంటర్వెల్‌కి ఓడి క్లైమాక్స్‌లో గెలవడమంటే అదీ!

ఇక పదిహేడోది... ‘రోడ్ హోల్’. మొదటి దెబ్బ హోటల్ పక్కనున్న షెడ్ల మీదుగా కొట్టాలి. గ్రీన్ ముందు లోతైన గుంట, వెనక రోడ్డు, రాతిగోడ! 1978 ఓపెన్‌లో జపాన్ వీరుడు నకజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ చేరాడు. మూడోది జారి ఆ గుంటలో పడింది. హోల్ ముగిసేసరికి లెక్క తొమ్మిది! నేను షెడ్ల మీదుగా కొట్టేశాను. తర్వాత గుంట జోలికి పోకుండా, దానికి ముందే బంతిని ఆపి, అయిదులో ముగించాను. పెద్దాయన మాట్లాడలేదు, టోపీ సర్దుకున్నాడంతే. నాకు అదే అవార్డు.

చివరి హోల్లో స్విల్కన్ వాగు మీది చిన్న రాతివంతెన దాటాను. 2005లో జాక్ నిక్లాస్ ఓపెన్‌కి వీడ్కోలు చెబుతూ చెయ్యి ఊపింది ఆ వంతెన మీదే. మొత్తం 97 దెబ్బలు. ఆఖరి బంతి పడగానే కంచె అవతల నిలబడ్డ ముక్కూమొహం తెలియని జనం చప్పట్లు కొట్టారు.

అన్నట్టు, మామూలు ఆదివారాల్లో అక్కడ ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్నీ పిల్లల్నీ వెంటేసుకుని ఆ పచ్చికమీదే షికారు చేస్తారు. వంతెనెక్కి ఫోటోలు దిగుతారు. మన దర్శకులు ఈసారి గోల్ఫ్ సీను రాసుకునేటప్పుడు, హీరోయిన్ తండ్రిని కాసేపు కూర్చోబెట్టి, ఆ ఆదివారాన్ని తలచుకుంటే ఎంత బాగుంటుందో!