అప్పు మారింది.. తీరలేదు!
కార్డు బాకీ బదిలీ చేసే ముందు లెక్క చూసుకోండి

మారతహళ్ళి: ‘సార్‌.. మీ పాత కార్డు బాకీ మా కార్డుకు మార్చుకోండి. మూడు నెలలు వడ్డీయే ఉండదు!’ మారతహళ్ళి, మున్నేకొళాల, కుందలహళ్ళి గేటు చుట్టుపక్కల పీజీల్లో, అద్దె ఇళ్లలో ఉంటున్న తెలుగు ఉద్యోగులకు ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. ఊరు కాని ఊరొచ్చి కాపురం పెట్టాక ఫ్రిజ్జు, మంచం అంటూ కార్డు గీకడం మొదలవుతుంది. నెలనెలా ‘కనీస మొత్తం’ కట్టుకుంటూ పోతే అసలు మాత్రం తరగదు. అలాంటప్పుడు ఈ ఫోను వరంలా వినిపిస్తుంది. బదిలీ తప్పేం కాదు. అయితే అప్పు తీరదు, చోటు మారుతుందంతే. దారిలో తగిలే రుసుములు తెలుసుకోకపోతే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

‘వడ్డీ లేదు’ అంటే ఖర్చు లేదని కాదు
ఉదాహరణకు రూ.60 వేల బాకీ ఉందనుకుందాం. కొత్త బ్యాంకు 2 శాతం ప్రాసెసింగ్‌ రుసుము వేస్తే రూ.1,200. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.216. మొత్తం రూ.1,416. పాత కార్డులోనే ఉంచితే నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ.2,100, జీఎస్టీతో కలిపి రూ.2,478.. అదీ ఒక్క నెలకే! అంటే మూడు నెలల్లో తీర్చగలిగితే లాభమే. తీర్చలేకపోతే మిగిలిన సొమ్ముపై కొత్త కార్డులోనూ మామూలు వడ్డీ మొదలవుతుంది. ఈ శాతాలు బ్యాంకును బట్టి మారతాయి.

పాత కార్డును మరవొద్దు
బిల్లు తయారైన రోజుకు, కొత్త బ్యాంకు డబ్బు చేరే రోజుకు మధ్య వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అది తర్వాతి బిల్లులో వస్తుంది. ‘ఆ కార్డు పని అయిపోయిందిలే’ అని చూడకపోతే చిన్న మొత్తానికే ఆలస్య రుసుము పడుతుంది, సిబిల్‌ స్కోరూ దెబ్బతింటుంది. డబ్బు చేరేలోపు గడువు తేదీ వచ్చేస్తే కనీస మొత్తం మీరే కట్టేయండి. తర్వాత రెండు బిల్లులు సున్నా చూపాకే కార్డు రద్దుకు అర్జీ పెట్టండి.

కొత్త కార్డు గీకొద్దు
బదిలీ బాకీ ఉన్న కార్డుతో సరుకులు కొంటే, వాటికి వడ్డీ లేని గడువు దక్కకపోవచ్చు. కొన్న రోజు నుంచే వడ్డీ పడొచ్చు. ఇక ఏటీఎంలో ఒక కార్డుతో నగదు తీసి ఇంకోదానికి కట్టడం బదిలీ కానే కాదు. దానికి నగదు రుసుము వేరు, వడ్డీ తీసిన రోజు నుంచే.

నిబంధన ఏమంటోంది?
ముందుగా స్పష్టంగా చెప్పకుండా, ఖాతాదారు ఒప్పుకోకుండా ఏ రుసుమూ వేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన కార్డుల నిబంధనల్లో పేర్కొంది. అయితే వడ్డీ రేటు విషయంలో అంత భరోసా లేదు. 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్‌ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. అందుకే ఒప్పుకునే ముందే అడగడం మేలు.

ఒప్పుకునే ముందు ఇవి అడగండి
* రుసుము, జీఎస్టీ కలిపి మొత్తం ఎన్ని రూపాయలు?
* వడ్డీ లేని గడువు ఏ తేదీతో ముగుస్తుంది? ఆ తర్వాత రేటెంత?
* వాయిదాలు ముందే తీర్చేస్తే జరిమానా ఉందా?
* కొత్త కార్డుకు వార్షిక రుసుము ఎంత?

జవాబులు ఫోనులో వింటే చాలదు. మెయిల్లో పంపమనండి. ఆ మెయిలే రేపు మీ సాక్ష్యం. చెప్పని రుసుము పడితే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుమేమీ లేదు.